సెమ్మతల్లి గట్టుకి పడిన మార్కు

సభాధ్యక్షులు, మన సొంత గట్ల యజమానుల సంఘం ప్రెసిడెంటు ధనరాజ్ బాబు గారికి, ఈవేళ రిటైరవుతున్న మన ఇంజినీరు, మనందరం ఎవరి కోసం వచ్చామో ఆ ఉమాశంకర్ సార్ గారికి, ఆయన పక్కన కొత్త చీరలో కూర్చున్న ఝాన్సీలక్ష్మి అమ్మగారికి, ముందు వరసల్లో సోఫాల మీదున్న గట్ల యజమానులకి, వెనక వరసల్లో ప్లాస్టిక్ కుర్చీల మీదున్న గట్ల పనివాళ్లకి, కుర్చీ దొరక్క గోడకి ఆనుకున్నవాళ్లకి, బయట ఎండలో జీపుకి బంతిపూలు కడుతున్న మా ఉపేంద్ర బావకి, పేరుపేరునా నమస్కారం.

నా పేరు కన్యాకుమారి. ధనరాజ్ బాబు గారి గట్టు మీద పని చేస్తాను. గడ్డి కొయ్యడం, తుప్పలు పీకడం, ఎలకబొరియలు కూరడం, వర్షాకాలంలో నీళ్లొదిలే మదుం చక్రం తిప్పడం, ఇవీ నా పనులు. పనివాళ్ల తరఫున ఒకరు మాట్లాడాలంటే మావాళ్లు నన్ను తోశారు. మైకు దగ్గరకి వస్తుంటే ప్రెసిడెంటు గారు మెల్లగా, రెండు మంచి మాటలు చెప్పి దిగిపో అమ్మా అన్నారు. సార్ గురించి మంచి మాటలు రెండు సరిపోవు బాబూ, చాలా ఉన్నాయి. చెడ్డ మాట ఒకటే ఉంది. ముందు మంచివి చెప్తాను, లేకపోతే ఆ ఒక్కటీ అన్యాయం అయిపోతుంది.

నాకు కోపం ఉంది. అది ముందే చెప్పేస్తే మీరు దాని కోసం వెతుక్కోనక్కర్లేదు. గొంతు మాత్రం పెంచను, మైకు బాగానే పనిచేస్తోంది.

ఈ సభలో కొత్తవాళ్లు ఉన్నారు గనక ఒక్క ముక్క. సర్కారు చెరువులకి సర్కారు మనుషులు ఉన్నారు. మన తాతలనాడు ఎవరో ఒకరు తమ పొలానికో, తోటకో వాగులాంటి గెడ్డకి అడ్డంగా మట్టి పోసుకుని కట్టుకున్న చిన్న చిన్న గట్లకి ఎవరూ లేరు. అందుకని యజమానులందరూ కలిసి ఈ సంఘం పెట్టుకుని, గట్ల సంగతి తెలిసిన ఒక ఇంజినీరుని జీతానికి పెట్టుకుని, ఏడాదికోసారి వానలకి ముందు ఆయన చేత గట్టుకి మార్కు వేయించుకుంటున్నారు. 'ఏ' పడితే గట్టు బాగుంది, జోలికి వెళ్లక్కర్లేదు. 'బి' పడితే వానలు వెళ్లాక మరమ్మతు చెయ్యాలి. 'సి' పడితే అదే పూట మదుం తాళం తీసి నీళ్లు సగానికి దింపాలి, కావలి పెట్టాలి. ఇది సంఘం పెట్టుకున్న రూలు. మంచి రూలే. మార్కు వేసేవాడికి జీతం ఇచ్చేది మార్కు వేయించుకునేవాళ్లే అన్న ఒక్క సంగతి తప్ప ఇందులో వంక పెట్టడానికేం లేదు.

(ముందు వరసల్లో దగ్గులు)

దగ్గండి, పర్వాలేదు, ఏసీ ఎక్కువ పెట్టారు.

సార్ మొదటిసారి మా గట్టుకి వచ్చిన రోజు నాకు గుర్తుంది. పాత మోటారుసైకిలు, దానికి అడ్డంగా కట్టిన గొడుగు, చేతిలో పొడుగాటి వెదురుకర్ర. ఇంజినీరంటే గట్టు మీద కుర్చీ వేయించుకుని కొబ్బరిబొండం తాగి సంతకం పెట్టి వెళ్లిపోతాడని మేమంతా అనుకుంటే, ఈయన గట్టు ఈ కొసనుంచి ఆ కొసకి నడిచి, మళ్లీ దిగి కింద అంచు వెంట నడిచి, కనపడిన ప్రతి కన్నంలోనూ ఆ కర్ర దూర్చి, ఇది ఎలకది, ఇది ఎండ్రకాయది, ఇది మాత్రం దేనిదో నాకు తెలీదు మీరు చెప్పండి అన్నారు. తెలీదు అన్న ఇంజినీరుని అదే మొదటిసారి చూడడం. మధ్యాన్నం మాతోపాటే చింతనీడన కూర్చుని సోడంబలి, అదే రాగంబలి, తాగారు. అంబలిలో ఉప్పు చాల్లేదని, మరుసటేడు సంచిలోంచి రాళ్లుప్పు పొట్లం తీసి మా కుండలో వేశారు. అమ్మగారి పుట్టిల్లు ఉప్పుమళ్లున్న నౌపడ కదా, ఆ ఉప్పట. అప్పట్నించీ ఏటేటా సార్ రావడమంటే మాకు ఉప్పు రావడం కూడా. అమ్మగారూ, ఇందాక మైకు దగ్గరకి వచ్చినవాళ్లెవరూ మీకు థాంక్స్ చెప్పలేదు, నేను చెప్తున్నాను.

(చప్పట్లు)

నాకు చదువు పదో తరగతితో ఆగిపోయింది. గట్టు గురించి ఆ తర్వాత నేర్చుకున్నదంతా కొంత ఫోనులో చూసీ, చాలావరకు సార్ వెనకాల నడిచీ. మట్టిగట్టు ఒక్కసారిగా పడిపోదు అమ్మా, లోపల్నించి మెల్లగా తినేసుకుంటుంది, బయటికి కనపడేసరికి సగం పని అయిపోయుంటుంది అని చెప్పింది ఆయనే. గట్టు కింద తడి కనిపిస్తే కంగారు పడకండి, తేటనీరైతే గట్టు చెమర్చిందనుకోండి, మట్టి కలిసిన నీరైతే మాత్రం చేతిలో పని వదిలేసి నాకు ఫోను చెయ్యండి అని చెప్పింది కూడా ఆయనే. అది నా సొంత తెలివి కాదు. ఇప్పుడు నేను మాట్లాడబోయేదంతా సార్ పాఠమే, సార్‌కే తిరిగి అప్పజెప్తున్నాను.

సార్ ఎంత కఠినమైన మనిషో చెప్పడానికి మా సోములు మావ మునగచెట్టు కథ చెప్పాలి. సోములు మావ నాలుగో వరసలో ఉన్నాడు, తల దించుకున్నాడు, ఎత్తు మావా. మా గట్టు మీద అందరికంటే పాత పనివాడు. గట్టు వాలు మీద ఒక మునగకొమ్మ పాతాడు. అది ఏపుగా పెరిగి, కాయ కాస్తే మా ఊరు గెడ్డవలస మొత్తానికి పులుసు. ఒక ఏడు సార్ వచ్చి ఆ చెట్టు ముందు నిలబడి, దీన్ని వేళ్లతో సహా తియ్యండి, వేరు వెళ్లిన దారినే నీరు వెళ్తుంది అన్నారు. సోములు మావ ఆ రోజు సార్‌ని బతిమాలాడు, తర్వాత తిట్టాడు, ఆ తర్వాత సార్ మోటారుసైకిలుకి అడ్డంగా పడుకున్నాడు. సార్ ఏం చేశారంటే, మోటారుసైకిలు అక్కడే వదిలేసి నడిచి ఊళ్లోకి వెళ్లిపోయారు. చెట్టు తీసేదాకా మార్కు వెయ్యలేదు. ధనరాజ్ బాబు గారే స్వయంగా వచ్చి పోనీలెండి సార్ ఒక్క చెట్టే కదా అన్నా వినలేదు. చెట్టు తీశారు, గోతిలో మట్టి పోసి కుమ్మారు, అప్పుడు 'ఏ' వేశారు.

గట్టు మొదట్లో రేకు మీద ఆకుపచ్చ రంగుతో పెద్దగా 'ఏ' అని రాయించారు. దాన్ని చూసి మా ఉపేంద్ర బావ, పదో తరగతిలో మనకెవరికీ రాని ఏ గ్రేడు మట్టికొచ్చిందిరా అన్నాడు.

(నవ్వులు)

నవ్వండి. మేమూ నవ్వుకున్నాం. ఆ రేకు చూసుకుని ధైర్యంగా పడుకున్నాం కూడా. మా గెడ్డవలస ఆ గట్టుకి సరిగ్గా కింద ఉంది. మా ఇంటి గుమ్మంలో నిలబడితే గట్టు మీద నడిచే మనిషి కాళ్లు కనపడతాయి, తల ఎత్తితే గాని మొహం కనపడదు. ఆ ఎత్తున నీళ్లున్నాయి మా మీద.

ఇక్కడ్నించి వినండి.

ఆ గట్టు కింది అంచున, వాలు నేలని కలిసేచోట, ఒక తడి ఉంది. మా అమ్మమ్మ గురమ్మ వయసులో ఉన్నప్పుడు ఒక ఎండాకాలం నూతులన్నీ ఎండిపోయి, గెడ్డ ఎండిపోయి, పశువులకి కూడా నీళ్లు లేని రోజుల్లో, అక్కడ ఒక్కచోట మాత్రం గడ్డి పచ్చగా ఉండి, చేత్తో గోకితే నీరు ఊరిందట. అమ్మమ్మ గెడ్డలోంచి ఒక రాయి తెచ్చి, కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి అక్కడ నిలబెట్టింది. సెమ్మతల్లి అని పేరు పెట్టింది. ఎండినా తడి వదలని తల్లి. అందులో తప్పేముంది? నీళ్లు లేనినాడు నీళ్లిచ్చిన చోటుకి దండం పెట్టడం కన్నా మనిషి చెయ్యగలిగింది ఏముంది? ఆ తర్వాత బాలింతలు పురిటిస్నానం చేసే పదకొండో నాడు అక్కడికి రావడం, కొత్త కోడళ్లు చెంబుతో ఆ నీరు పట్టుకెళ్లి ఇంటి నలుమూలలా చల్లడం, శ్రావణమాసంలో చలివిడి పెట్టడం అలవాటయ్యాయి. అక్కడి గడ్డి కొయ్యకూడదు. అక్కడి మట్టి తవ్వకూడదు. చెప్పులతో తొక్కకూడదు.

ధనరాజ్ బాబు గారి నాన్నగారు భక్తిపరులు. రాయి చుట్టూ సిమెంటు చేయించి, రంగు పలకలు పరిపించి, ఇనప కమ్మీలు పెట్టించి, పైన రేకు వేయించారు. చాలా అందంగా ఉంటుంది. ఏడాదికోసారి భోజనాలు పెడతారు, ప్రెసిడెంటు గారు తన చేత్తో వడ్డిస్తారు, అది కాదనను. ఆ పలకలు తడి మీద మూత వేస్తున్నాయని ఆయనకి తెలుసో లేదో నాకు తెలీదు. తెలుసు అనడానికి నా దగ్గర సాక్ష్యం లేదు, తెలీదు అనడానికి మనసు రాదు. అందుకని ఆ సంగతి ఆయనకే వదిలేస్తున్నాను.



ప్రతి ఏడూ సార్ కింది అంచు వెంట కర్ర పొడుస్తూ, పొడుస్తూ, ప్రతి బొరియనీ ప్రతి బీటనీ చూస్తూ వచ్చేవారు. కమ్మీల దగ్గరకి వచ్చేసరికి ఆగేవారు. కర్ర పక్కన పెట్టేవారు. బూట్లు విప్పేవారు. లోపలికి వెళ్లి దండం పెట్టుకుని, అమ్మమ్మ పెట్టిన బొట్టు పెట్టించుకుని, మళ్లీ బయటికొచ్చి బూట్లు తొడుక్కుని, కమ్మీల అవతలి పక్కనుంచి మళ్లీ కర్ర పొడవడం మొదలుపెట్టేవారు. కర్ర దిగని జాగా మా గట్టు మొత్తం మీద అదొక్కటే. మార్కు కాగితంలో గట్టు కింద తడి ఉందా అన్నచోట ఏటేటా లేదు అనే రాశారు. అబద్ధం రాస్తున్నానని ఆయన అనుకోలేదు. తడి అంటే రోగం. ఇది రోగం కాదు కదా, తల్లి. ఆయన అలా చూశారు, మేమూ అలాగే చూశాం, అందరం కలిసి చేతులు జోడించి ఆ చోటు చూడ్డం మానేశాం.

మొన్న ఈ మాట అనుకుంటుంటే సోములు మావ ఏమన్నాడో చెప్తాను, అతను ఒప్పుకున్నాకే చెప్తున్నాను. "ఈ సంగతి ముందే తెలిస్తే నా మునగసెట్టుకీ కాస్త పసుపు రాసీవోణ్ణి గదే" అన్నాడు.

(నవ్వులు. సోములు లేచి నిలబడి చెయ్యి ఊపి కూర్చున్నాడు)

ఈ వానాకాలం సంగతి మీ అందరికీ తెలుసు. వినాయకచవితి వెళ్లినప్పట్నించి పట్టిన ముసురు వదల్లేదు, చెరువు అలుగు అంచుదాకా నిండిపోయింది. చేపపిల్లలు వేశారు గనక కార్తీకం దాటేవరకు నీళ్లు నిండుగా ఉండాలని బాబు గారి మాట, మదుంకి తాళం వేసి ఉంది, తాళంచెవి బాబు గారి దగ్గరుంటుంది. చక్రం నాది, తాళంచెవి ఆయనది. తప్పేం కాదు, చెరువు ఆయనది.

ఒక శుక్రవారం అమ్మమ్మ ఎప్పట్లాగే తల్లి దగ్గర చెంబుతో నీళ్లు పట్టుకొచ్చింది. పాలల్లో టీ చుక్క వేసిన రంగులో ఉన్నాయి. ఇంట్లో మూల పెట్టింది. తేరుకున్నాక చూస్తే చెంబు అడుగున మెత్తటి మట్టి. గట్టు మట్టి ఎర్రగా ఉంటుంది సార్, మీకు తెలుసు. ఆ మట్టే. వలసలో ఈ సంగతి తెలిసి, తల్లికి కోపమొచ్చిందన్నారు, కోడిని కోశారు, పసుపునీళ్ల ముర్రాటలు పోశారు. తర్వాత శుక్రవారానికి నీళ్లు ఇంకా చిక్కబడ్డాయి. కమ్మీల లోపల ఒక పలక కుంగింది. అమ్మమ్మ దాని మీద కాలు పెడితే డొల్లగా మోగింది.

ఆ రోజు మా ఇంట్లో జరిగిన మాట ఒకటి చెప్తాను. మా పెద్దమ్మ, తల్లికి మొక్కు బాకీ ఉండిపోయిందేమో ఆలోచించు అంది. అమ్మమ్మ చెంబు వంచి అడుగు మట్టి వేలితో తీసి చూసింది. తర్వాత అంది: "నాను రాయెట్టినప్పుడు నీరు తేటగుండీది. తేటనీరుకి దండం పెట్టినాను. ఇది తల్లి కాదే, ఇది గట్టు."

నేను సార్‌కి ఫోను చేశాను. మట్టినీరైతే పని వదిలేసి ఫోను చెయ్యమన్నారు కదా, అలాగే చేశాను. సార్ కూడా మాటకి నిలబడే మనిషి, ఆ పూటే వానలో తడుస్తూ వచ్చారు. గట్టు దిగారు. కమ్మీల దగ్గర ఆగారు. కర్ర పక్కన పెట్టారు. బూట్లు విప్పారు. లోపలికి వెళ్లి దండం పెట్టారు. కుంగిన పలక చూశారు. దాని సందులోంచి వస్తున్న నీరు చూశారు. సార్, మీరు చూడ్డం నేను చూశాను. మీకు అర్థమైంది. మీ మొహం నాకు తెలుసు, ఇన్నేళ్లు మీ వెనకాల నడిచాను.

బయటికొచ్చి, బూట్లు తొడుక్కుంటూ, నా వైపు చూడకుండా అన్నారు: "అమ్మా కుమారీ, నాకింక రోజులు లేవు. కొత్తాయన వస్తాడు, ఆయన చూస్తాడులే. అమ్మవారి చోటు, నా చేత్తో తవ్వించలేను."

ఇదే నేను చెప్తానన్న చెడ్డ మాట. ఇంతే.



కొత్తాయన ఎప్పుడొస్తాడో ప్రెసిడెంటు గారు ఇందాక తన ప్రసంగంలో చెప్పారు: మనిషిని చూస్తున్నాం, దొరగ్గానే వేస్తాం అన్నారు. అంటే ఈ సాయంత్రం ఐదు దాటితే మన గట్లన్నిటికీ మార్కు వేసే చెయ్యి ఒక్కటి కూడా ఉండదు. మా గట్టుకి మాత్రం ఆకుపచ్చ రంగు 'ఏ' అలాగే ఉంటుంది. ఆ 'ఏ' ఉన్నంతకాలం తాళం తియ్యమని అడిగే హక్కు నాకు లేదు, తియ్యాల్సిన పని బాబు గారికి లేదు. రేపు ఏమన్నా అయితే గట్టు బాగుందని రాసి ఉంది కదా అంటారు. అవును, రాసి ఉంది.

సార్, మీరు లంచం తిని ఉంటే నాకు ఇంత కోపం వచ్చేది కాదు. లంచం తిన్నవాణ్ణి తిట్టడం తేలిక, మా వలసలో చిన్నపిల్లలకి కూడా వచ్చు. మీరు మా అంబలి తప్ప ఏమీ తినలేదు. మీరు మా మీద గౌరవంతో, మా అమ్మమ్మ మీద గౌరవంతో, ఆ రాయి మీద గౌరవంతో బూట్లు విప్పారు. మునగచెట్టు విషయంలో మోటారుసైకిలు వదిలేసి నడిచిపోయిన మనిషి, మా ఇళ్ల విషయంలో చేతులు జోడించి వెళ్లిపోయారు. అంత మర్యాద మాకొద్దు సార్. మమ్మల్ని కాస్త అమర్యాదగా చూసుంటే బాగుండేది.

అమ్మగారూ, మీరు కళ్లు తుడుచుకోకండి. నేను ఆయన్ని తిట్టడానికి రాలేదు, పిలవడానికి వచ్చాను.

ఈవేళ పొద్దున్న జరిగింది చెప్పేసి ముగిస్తాను. మా ఆచారం ఒకటుంది. రాయిని ఎవరు నిలబెట్టారో వాళ్లు తప్ప ఇంకెవరూ కదపకూడదు, వాళ్లు పోతే ఆ రాయి ఇక ఎప్పటికీ అక్కడే. మా అమ్మమ్మ ఇంకా ఉంది. ఆఖరి వరసలో, తలుపు పక్కన, చెవి ఇటు పెట్టి కూర్చున్న ఆవిడే గురమ్మ. ఒకసారి వెనక్కి తిరిగి చూడండి.

(సభ వెనక్కి తిరిగింది. ఆమె చెయ్యెత్తి, ముందుకి చూడమని సైగ చేసింది)

పొద్దున్న ఆవిడ తలస్నానం చేసి, తడిబట్టతో గట్టు కిందకి వెళ్లి, కమ్మీల తలుపు తీసి, రాయి ముందు కూలబడింది. వలస అంతా బయట నిలబడింది. ఒకళ్లిద్దరు వద్దన్నారు, తల్లిని లేపితే ఊరికి అరిష్టం అన్నారు. ఆవిడ రాయితోనే మాట్లాడింది: "లెగు తల్లీ. ఇక్కడుంటే నువ్వూ పోతావు, మేమూ పోతాం. ఎగువ దిబ్బ మీద నీకు జాగా సూసినాను, లెగు."

లేపింది. రాయి పెద్దదేం కాదు, ఒడిలో పట్టేంత. దాన్ని పసిపిల్లని మోసినట్టు మోసుకుంటూ దిబ్బెక్కింది. మేం వెనకాల నడిచాం. రాయి లేపిన చోట పలక కింద గుంట, గుంటలో ఎర్రనీరు, అది ఊరుతూ లేదు సార్, పారుతోంది. పలకల మీద పసుపు కడుక్కుపోయింది. ఇప్పుడు అక్కడ తల్లి లేదు. పిల్లల్నీ ముసలాళ్లనీ దిబ్బ మీద బడిలోకి చేర్చేశాం. మేకలు కూడా అక్కడే ఉన్నాయి, పంతులు గారు ఏమీ అనలేదు. కాబట్టి మా ప్రాణాల కోసం మిమ్మల్ని బతిమాలుతున్నానని ఎవరూ అనుకోవద్దు, ప్రాణాలు మేం చూసుకున్నాం. ఇళ్లు మోసుకెళ్లలేం. కోతకొచ్చిన చేలు మోసుకెళ్లలేం. గట్టు తెగితే బాబు గారి చేపలు కూడా గెడ్డలోకే పోతాయి, అది ఆయన ఆలోచించుకోవాలి. ఈవేళ నీళ్లు దింపితే గట్టు నిలబడొచ్చు, ఆ గుంట మీద ఇసకా గులకరాళ్లూ వేసి అదిమితే మట్టి పోవడం ఆగొచ్చు. ఆగొచ్చు అంటున్నాను, ఆగుతుంది అనట్లేదు. అది చూసి చెప్పాల్సింది మీరు.

అందరూ సార్‌కి బహుమతులు ఇచ్చారు. సంఘం అద్దాలపెట్టెలో చిన్న బొబ్బిలి వీణ ఇచ్చింది. యజమానులు శాలువాలు కప్పారు, సార్‌కి ఉక్కపోస్తున్నట్టుంది. పనివాళ్లం మేమూ ఒకటి తెచ్చాం. సోములు మావా, ఆ డబ్బా వేదిక మీదకి తీసుకురా.

(సోములు అట్టపెట్టె తెచ్చి ఉమాశంకర్ గారి ముందు పెట్టాడు)

అవి రబ్బరు బూట్లు సార్. మోకాళ్లదాకా వస్తాయి, బురదలోకి దిగొచ్చు. సైజు సరిపోతుందో లేదో అనుకోకండి. మొన్న మీరు బూట్లు విప్పి లోపల దండం పెట్టుకుంటున్నప్పుడు, సోములు మావ మీ బూటులో చీపురుపుల్ల పెట్టి కొలిచి తుంపుకున్నాడు. బజార్లో షాపువాడు ఆ పుల్ల చూసి, మనిషిని తీసుకురాకుండా పుల్ల తెచ్చారేటి అన్నాడు. మనిషి రిటైరవుతున్నాడు, పుల్లే మిగిలింది అన్నాడు మావ.

(నవ్వులు)

సార్, బయట జీపు ముస్తాబయింది. మేళగాళ్లు వచ్చేశారు. మన దగ్గర రిటైరైన మనిషిని ఊరేగించి ఇంటికి తీసుకెళ్తాం, గుమ్మంలో హారతి ఇస్తాం. మీ ఇల్లు ఊరి చివర, మా గట్టుకి వెళ్లే రోడ్డు మీదే. నేను అడిగేది ఇదొక్కటే: ఇంటి దగ్గర ఆపకండి. అలాగే ముందుకి, గట్టుదాకా రండి. ఇంకా ఐదు కాలేదు, ఇంకా మీరే మా ఇంజినీరు. కమ్మీల దగ్గర ఆగొద్దు, బూట్లు విప్పొద్దు, కర్ర పక్కన పెట్టొద్దు. కర్ర దించి చూడండి. చూశాక 'ఏ' అనిపిస్తే 'ఏ' అనే ఉంచండి, నేను మీ కాళ్లకి దండం పెట్టి, ఈ సభకి వచ్చిన ప్రతి ఒక్కరినీ క్షమాపణ అడిగి, పని మానేసి వెళ్లిపోతాను. 'సి' అనిపిస్తే అక్కడే ఆ మాట అనండి. చక్రం దగ్గర నేను నిలబడి ఉంటాను.

ప్రెసిడెంటు గారూ, మీరు కూడా రావాలి. మీరు లేకుండా ఊరేగింపు బాగోదు, మీ లాల్చీ జేబులో ఉన్న తాళాలగుత్తి లేకుండా అసలు బాగోదు.

నా రెండు మాటలు అయిపోయాయి. రెండు కన్నా ఎక్కువైతే మన్నించక్కర్లేదు, విన్నారు, అది చాలు. అంబలిలో ఉప్పు వేసిన చేతికి, ఉప్పు పంపిన చేతికి, తను నిలబెట్టిన రాయిని తనే లేపిన చేతికి నా కృతజ్ఞతలు. ఉపేంద్ర బావా, బంతిపూలు చాలు, బండి స్టార్టు చెయ్యి. మేళం ఆపొద్దని చెప్పు, గట్టుదాకా వాయించుకుంటూనే వెళ్దాం. అమ్మగారూ, హారతి పళ్లెం కాసేపు ఆగమనండి.

(ఉమాశంకర్ గారు శాలువాలు తీసి కుర్చీ మీద పెట్టి, పెట్టెలోంచి బూట్లు తీసి తొడుక్కోసాగారు)

సార్, ఎడమది కుడికాలికి వేస్తున్నారు. తొందరేం లేదు. లేదు, ఉంది. సోములు మావా, సార్‌కి కాస్త చెయ్యి అందించు.

నేను ముందు వెళ్లి చక్రం దగ్గర ఉంటాను. సెలవు.